మూడు మాడ్యూళ్లకు ఒకే బటన్: ఇంటర్‌ఫేస్ కాంపొనెంట్లను పంచుకోవడంలో మెలికలు

బెంగళూరులో ఒక సరుకు రవాణా కంపెనీ ఉందనుకుందాం. దాని వెబ్ అప్లికేషన్‌లో బుకింగ్, బిల్లింగ్, రిపోర్టులు అని మూడు మాడ్యూళ్లు, ఒక్కోదానికి ఒక్కో టీమ్. బిల్లింగ్ వాళ్లు ఎలక్ట్రానిక్ సిటీలో కూర్చుంటారు, మిగతా రెండు టీమ్‌లు బెళ్ళందూరు దగ్గర రింగ్ రోడ్డు పక్కన. తేదీ ఎంచుకునే క్యాలెండర్ మూడు చోట్లా ఉంది; తెర మీది ఇలాంటి భాగాన్నే కాంపొనెంట్ అంటారు. మొదట్లో ఒకరు రాసిందాన్నే మిగతావాళ్లు కాపీ చేసుకున్నారు. తర్వాత బిల్లింగ్ టీమ్ దానికి ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 దాకా ఆర్థిక సంవత్సరం మొత్తాన్ని ఒక్క నొక్కుతో ఎంచుకునే వీలు కల్పించింది. రిపోర్టుల టీమ్ కీబోర్డు బాణాలతో తేదీ మార్చేటప్పుడు నెలాఖరున వచ్చే తప్పును దిద్దింది. బుకింగ్ వాళ్లకు ఈ రెండూ తెలియవు. ఎవరికి వారే యమునా తీరే.

‘అయితే కామన్ లైబ్రరీ పెట్టేద్దాం’ అని మీటింగ్‌లో ఎవరో ఒకరు అంటారు. కోడ్‌ను ఒక చోటికి చేర్చడం పెద్ద పనేమీ కాదు. చేర్చిన తర్వాత అందులో చేసిన మార్పు ఏ టీమ్‌కు ఎప్పుడు అందాలి, అందాక ఏదైనా విరిగితే ఎవరు చూసుకోవాలి అన్న దగ్గరే చిక్కంతా. లైబ్రరీ పెట్టే పద్ధతిని తేల్చాల్సింది కూడా ఈ ప్రశ్నే. చాలాచోట్ల ఎవరో చూసొచ్చిన కొత్త టూల్‌ను బట్టి పద్ధతి తేలిపోతుంది. ఆ తర్వాత ఏడాది పాటు దానికి తగ్గట్టు టీమ్‌లు వంగుతూ ఉంటాయి.

ఏది పంచాలి, ఏది పంచకూడదు

అన్నిటికంటే చవకగా పంచుకోగలిగినవి డిజైన్ టోకెన్లు: రంగులు, ఖాళీల కొలతలు, అక్షరాల సైజులు. వీటిని సీఎస్ఎస్ (పేజీ రూపాన్ని తీర్చే భాష) వేరియబుల్స్‌గా ఇస్తే చాలు, ఒక మాడ్యూల్ రియాక్ట్‌లో, ఇంకొకటి యాంగ్యులర్‌లో (రెండూ ఇంటర్‌ఫేస్ కట్టే ఫ్రేమ్‌వర్క్‌లు) ఉన్నా రెండూ వాడుకుంటాయి. తర్వాతి మెట్టు బటన్, టెక్స్ట్ బాక్స్, డైలాగ్, క్యాలెండర్ లాంటి ప్రాథమిక కాంపొనెంట్లు. ఇక్కడిదాకా ఎవరికీ పేచీ ఉండదు.

మూడో మెట్టు దగ్గర, అంటే వ్యాపార నియమాలతో ముడిపడ్డ కాంపొనెంట్ల దగ్గర, మొదలవుతుంది తకరారు. జీఎస్టీ నంబరు తీసుకునే పెట్టెను చూడండి. అది 15 అక్షరాల నంబరు. మొదటి రెండు అంకెలు రాష్ట్రం కోడ్ (కర్ణాటకకు 29, తమిళనాడుకు 33, తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37), తర్వాతి పది పాన్ నంబరు, చిట్టచివరిది తనిఖీ అక్షరం. వాడుకరి చిన్న అక్షరాల్లో కొడితే పెద్దవి చేయడం, మధ్యలో పడ్డ ఖాళీలను తీసేయడం, నిడివినీ అమరికనూ సరిచూడటం, తప్పుంటే పెట్టె కిందే చెప్పడం: ఇవన్నీ కామన్ కాంపొనెంట్ చేయాల్సిన పనులే. ఆ నంబరు నిజంగా ఉందా అని సర్వర్‌ను అడగడం, రాష్ట్రం కోడ్‌ను బట్టి ఏ పన్ను వేయాలో తేల్చడం మాత్రం బిల్లింగ్ మాడ్యూల్ పని. ఈ రెండో రకం పనులు కాంపొనెంట్‌లోకి దూరితే, నంబరు నోట్ చేసుకోవడం తప్ప ఇంకేమీ అక్కర్లేని బుకింగ్ పేజీ కూడా వెరిఫికేషన్ సర్వీస్ పడిపోయిన రోజు ఆగిపోతుంది. సర్వర్‌తో మాట్లాడే ఫంక్షన్‌ను మాడ్యూలే బయట నుంచి అందించాలి. ఇవ్వకపోతే కాంపొనెంట్ నోరెత్తకూడదు.

మొత్తాలు చూపించే చిన్న కాంపొనెంట్‌లోనూ ఇలాంటి ఉచ్చే ఉంది. అంకెల మధ్య కామాలు పెట్టే, బ్రౌజర్‌లోని ఇంటిల్ నంబర్ ఫార్మాట్‌కు భాషా ప్రాంతం చెప్పకుండా వదిలేస్తే, వాడుకరి మెషీన్ సెట్టింగ్ ఏదైతే అదే పడుతుంది. ఒకరికి 12,34,567 అని, పక్క సీట్లో వాళ్లకు 1,234,567 అని కనిపిస్తుంది. ‘ఎన్-ఐఎన్’ (భారతదేశపు ఇంగ్లిష్) అని కాంపొనెంట్ లోపలే కట్టేస్తే ఈ గొడవ ఒకే చోట తీరిపోతుంది. ఇంత చిన్న కాంపొనెంట్‌ను పంచుకోవాలా అని అడిగేవాళ్లకు ఇదే జవాబు.

పేజీలను, పూర్తి ఫారాలను కామన్ లైబ్రరీలో పెట్టొద్దు. ఇవాళ మూడు చోట్లా ఒకేలా ఉన్నాయి కదా అనిపిస్తుంది. ఆర్నెల్లు తిరిగేసరికి ‘ఫుటర్ దాచు’, ‘ఐకాన్ చూపు’, ‘బిల్లింగ్ మోడ్’ అని అవును-కాదు ప్రాప్స్ (కాంపొనెంట్‌కు బయట నుంచి ఇచ్చే విలువలు) ఒక్కొక్కటే చేరతాయి. కామన్ కాంపొనెంట్‌లో ఏదో ఒక మాడ్యూల్ పేరు ప్రాప్‌గా కనిపించిందంటే అది దారి తప్పినట్టే. అలాంటిచోట ఆ భాగాన్ని మాడ్యూలే నింపుకునేలా లోపల ఖాళీ వదలాలి, అంటే రియాక్ట్‌లో చిల్డ్రన్, యాంగ్యులర్‌లో కంటెంట్ ప్రొజెక్షన్. ఒకే కాంపొనెంట్ మూడో చోట కావాల్సి వచ్చేదాకా లైబ్రరీకి ఎక్కించకపోవడం కూడా మంచి అలవాటు. రెండు వాడకాలనే చూసి తయారుచేసిన ప్రాప్స్ మూడోవాళ్లకు పనికిరావడం అరుదు.

నాలుగు దారులు

కాపీ చేసుకోవడాన్ని అందరూ చిన్నచూపు చూస్తారు గానీ అదీ ఒక పద్ధతే. షాడ్‌సీఎన్ లాంటివి పనిచేసేది అలాగే: కాంపొనెంట్ కోడ్‌ను మీ ప్రాజెక్టులోకి దించేస్తాయి, ఆపైన అది మీదే. మాడ్యూళ్లు రెండే ఉండి, మనుషులంతా ఒకే వరసలో కూర్చుంటుంటే ఇది చాలు.

రెండోది మోనోరిపో. మూడు మాడ్యూళ్లు, కామన్ లైబ్రరీ అన్నీ ఒకే రిపోలో, అంటే ఒకే కోడ్ నిల్వలో, ఉంటాయి, పీఎన్‌పీఎం వర్క్‌స్పేసెస్ గానీ ఎన్ఎక్స్, టర్బోరిపో గానీ వాటిని కలుపుతాయి. లైబ్రరీకి వెర్షన్ నంబరే అక్కర్లేదు. బటన్ మార్చిన పీఆర్‌లోనే (మార్పును కలపమని పంపే అభ్యర్థన) ఆ బటన్ వాడే మూడు మాడ్యూళ్ల టెస్టులూ నడుస్తాయి. ఏది విరిగినా మెర్జ్ కాకముందే బయటపడుతుంది. బదులుగా రియాక్ట్‌ను పైకి తీసుకెళ్లాలంటే దాదాపుగా అందరూ కలిసి కదలాలి. టీమ్‌లు ఐదారుకు మించకుండా ఫ్రేమ్‌వర్క్ ఒక్కటే అయితే మొదట చూడాల్సింది దీన్నే. ఒక్క జాగ్రత్త: మాడ్యూళ్లు లైబ్రరీ లోపలి ఫైళ్లలోకి నేరుగా చేతులు పెట్టకుండా లింట్ (కోడ్‌ను తనిఖీ చేసే టూల్) నియమం మొదటి రోజే పెట్టాలి. ఎన్ఎక్స్‌లో అందుకు సిద్ధంగా ఒక నియమం ఉంది. తర్వాత పెడదాం అనుకుంటే అప్పటికే వందల ఇంపోర్టులు ఉంటాయి.

మూడోది ప్రైవేట్ రిజిస్ట్రీలో, అంటే కంపెనీ సొంత ప్యాకేజీల నిల్వలో, ప్యాకేజీగా పెట్టడం. ఎవరికి వీలైనప్పుడు వాళ్లు కొత్త వెర్షన్‌కు వెళ్తారు. దీని బలం అదే, బలహీనతా అదే. ఏడాది తర్వాత చూస్తే బిల్లింగ్ 2వ మేజర్ వెర్షన్‌లో (పాత వాడకాన్ని విరిచే మార్పు వస్తే పెరిగే నంబరు), రిపోర్టులు 4లో ఉంటాయి, డైలాగ్‌లో దొరికిన తప్పును రెండింటిలోనూ దిద్దాలి. కాబట్టి తాజా మేజర్, దాని ముందుది, ఈ రెండింటికే రిపేర్లు అని మొదటే చెప్పేయాలి. అప్‌గ్రేడ్ పీఆర్‌లు వాటంతటవే లేచేలా రినొవేట్‌నో డిపెండబాట్‌నో పెట్టుకోవాలి.

నాలుగోది మాడ్యూల్ ఫెడరేషన్, 2020 అక్టోబరులో వెబ్‌ప్యాక్ 5 అనే బండ్లర్‌తో (కోడ్ ఫైళ్లను కలిపి కట్టే టూల్) వచ్చింది. ఇందులో కాంపొనెంట్ బిల్డ్ సమయంలో కలవదు, పేజీ తెరుచుకున్నాక వేరే సర్వర్ నుంచి దిగుతుంది. లైబ్రరీ డెప్లాయ్ అయిన మరుక్షణం అందరికీ కొత్త కోడే. బిల్లింగ్ టీమ్ ఒక్క అక్షరం మార్చకపోయినా శుక్రవారం సాయంత్రం వాళ్ల పేజీ విరగొచ్చు, టెస్టులు అన్నీ ఆకుపచ్చగా ఉండగానే. అందుకని మాటను నానబెట్టకుండా చెప్పాలంటే: మాడ్యూళ్లను, అంటే పూర్తి పేజీలను, ఫెడరేషన్‌తో కలపండి, బటన్లను మాత్రం ప్యాకేజీగానే ఇవ్వండి.

ఒకటే ఉండాల్సింది రెండైతే

ఏ దారిలో వెళ్లినా ప్రొడక్షన్‌లో తల తినే తప్పుల్లో ఎక్కువ భాగానికి మూలం ఒకటే. పేజీ మొత్తానికి ఒక్కటే ఉండాల్సింది ఎక్కడో రెండోది చేరి ఉంటుంది.

మొదటి అనుమానితుడు రియాక్ట్. లైబ్రరీ ప్యాకేజీ జేసన్‌లో (కావాల్సిన ప్యాకేజీల జాబితా ఉండే ఫైల్) దాన్ని మామూలు డిపెండెన్సీగా రాస్తే, అప్లికేషన్‌లో 18 ఉన్నా లైబ్రరీ తన వెంట ఇంకో వెర్షన్‌ను తెచ్చుకోవచ్చు. హుక్స్ (కాంపొనెంట్ స్థితిని గుర్తుపెట్టుకునే రియాక్ట్ ఫంక్షన్లు) ఒక రియాక్ట్‌ను అడుగుతాయి, తెర మీద గీసేది ఇంకొకటి. ‘ఇన్‌వ్యాలిడ్ హుక్ కాల్’ అని ఎర్రటి మెసేజ్ వస్తుంది. రియాక్ట్, రియాక్ట్ డామ్ రెండింటినీ పీర్ డిపెండెన్సీలుగా, అంటే వాడే అప్లికేషనే అందించాల్సినవిగా, రెండు మేజర్లను ఒప్పుకునే పరిధితో రాయాలి. ప్యాకేజీలు దించే ఎన్‌పీఎం 7 నుంచి పీర్‌లను తనే ఇన్‌స్టాల్ చేస్తుంది, పొసగకపోతే ‘ఈరిసాల్వ్’ అని ఆగిపోతుంది. అప్పుడు చాలామంది ‘లెగసీ పీర్ డెప్స్’ అన్న జెండా తగిలించి ముందుకు పోతారు. అది పొగ వాసన వస్తోందని అలారం వైరు పీకేయడం లాంటిదే. ‘ఎన్‌పీఎం ఎల్ఎస్ రియాక్ట్’ అని కొట్టి, రెండోది ఎవరి వెంట వచ్చిందో చూడటానికి నిమిషం పట్టదు.

పీర్ అని రాసినంత మాత్రాన పని అయిపోదు. లైబ్రరీని బిల్డ్ చేసే వైట్‌కో రోలప్‌కో వాటిని బయటి సరుకుగా, అంటే ఎక్స్‌టర్నల్‌గా చెప్పాలి. ఇక్కడ రియాక్ట్, రియాక్ట్ డామ్ పేర్లు రాసి ‘రియాక్ట్ జేఎస్ఎక్స్ రన్‌టైమ్’ను మర్చిపోతుంటారు. పేరు అచ్చంగా కలిస్తేనే బండ్లర్ వదిలేస్తుంది కాబట్టి ఆ రన్‌టైమ్ లైబ్రరీ బండిల్‌లోకి దూరిపోతుంది. రియాక్ట్ 18 ఉన్నన్నాళ్లు ఎవరికీ తెలియదు. అప్లికేషన్ 19కి వెళ్లిన రోజు, పాత రియాక్ట్‌తో తయారైన ఎలిమెంట్‌ను గీయమంటున్నారని ఎర్రర్ వస్తుంది. కోడంతా గాలించినా 18 ఎక్కడా కనపడదు, అది మీ లైబ్రరీ డిస్ట్ (బిల్డ్ అయిన కోడ్ పడే) ఫోల్డర్‌లో కూర్చుని ఉంటుంది.

లోకల్‌గా పరీక్షించడానికి ఎన్‌పీఎం లింక్ వాడినా ఇదే రెండు రియాక్ట్‌ల తంటా, ఎందుకంటే లింక్ వెంట వెళ్లిన ఇంపోర్ట్ లైబ్రరీ సొంత నోడ్ మాడ్యూల్స్‌లో ఉన్నదాన్ని పట్టుకుంటుంది. దాని బదులు ‘ఎన్‌పీఎం ప్యాక్’ చేసి, వచ్చిన టీజీజెడ్ ఫైల్‌ను మాడ్యూల్‌లో ఇన్‌స్టాల్ చేసి చూడండి. అసలు పబ్లిష్ అయ్యేది అదే కాబట్టి, స్టైల్ ఫైల్ ప్యాక్‌లో చేరలేదన్న సంగతి కూడా అక్కడే బయటపడుతుంది.

హుక్స్ తప్పు కనీసం అరుస్తుంది. కాంటెక్స్ట్ (పై కాంపొనెంట్ తన లోపలివాటన్నిటికీ ఇచ్చే విలువ) తప్పు అరవదు. రిపోర్టుల అప్లికేషన్ లైబ్రరీ 3ను వాడుతోంది. అదే టీమ్ వాడే చార్టుల ప్యాకేజీ మాత్రం లోపల లైబ్రరీ 2ను డిపెండెన్సీగా పట్టుకుని ఉంది. థీమ్ ప్రొవైడర్ 3 నుంచి వచ్చింది, చార్టు పక్కనున్న బటన్ 2లోని కాంటెక్స్ట్‌ను చదువుతుంది. అక్కడ ఏమీ లేదు కాబట్టి డిఫాల్ట్ రంగు పడుతుంది. డార్క్ మోడ్‌లో ఒక్క బటన్ మాత్రం తెల్లగా మెరుస్తుంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. విరుగుడు: కామన్ లైబ్రరీని వాడే ప్రతి అంతర్గత ప్యాకేజీ దాన్ని పీర్‌గానే రాయాలి.

ఫెడరేషన్‌లో ఇదే పని ‘షేర్డ్’ సెట్టింగ్ చేస్తుంది. రియాక్ట్‌కు, కాంటెక్స్ట్ ఉన్న ప్రతి లైబ్రరీకి ‘సింగిల్టన్’ ట్రూ పెట్టాలి. నమోదైన వెర్షన్లలో పెద్దదే అందరికీ దక్కుతుంది. అడిగిన పరిధికి అది పొసగకపోతే కన్సోల్‌లో హెచ్చరిక మాత్రమే వస్తుంది, ‘స్ట్రిక్ట్ వెర్షన్’ పెడితే ఎర్రరే వస్తుంది. కొత్తగా పెట్టేవాళ్లకు మొదటి రోజే ఎదురయ్యేది ‘షేర్డ్ మాడ్యూల్ ఈజర్ కన్సంప్షన్‌కి అందుబాటులో లేదు’ అన్న తప్పు. ఎంట్రీ ఫైల్లో ఉన్నదంతా బూట్‌స్ట్రాప్ అనే ఇంకో ఫైల్లోకి మార్చి, ఎంట్రీ నుంచి దాన్ని డైనమిక్ ఇంపోర్ట్ చేస్తే పోతుంది. షేర్డ్ వెర్షన్లు తేల్చుకోవడానికి వెబ్‌ప్యాక్‌కు ఆ కాస్త వ్యవధి కావాలి, అంతే. ముక్కల జాబితా ఉండే రిమోట్ ఎంట్రీ ఫైల్‌ను సీడీఎన్‌లో (ఫైళ్లను వాడుకరికి దగ్గరి సర్వర్ల నుంచి అందించే వ్యవస్థ) ఎప్పుడూ క్యాష్ చేయనివ్వొద్దు, పేరులో హ్యాష్ (లోపలిది మారితే మారే గుర్తు) ఉన్న మిగతా ముక్కలను ఏడాది పాటు క్యాష్ చేసుకోవచ్చు. ఇది తిరగబడితే పాత ఎంట్రీ కొత్త డెప్లాయ్‌లో లేని ముక్కల కోసం వెతికి, చంక్ లోడ్ ఎర్రర్ ఇస్తుంది. పాత ముక్కలను కూడా వెంటనే చెరిపేయకండి, పొద్దున తెరిచిన ట్యాబ్ సాయంత్రం దాకా అలాగే ఉంచేవాళ్లు బిల్లింగ్‌లో చాలామంది.

ఐడీలకూ ఇదే పీడ. రియాక్ట్ 18లో వచ్చిన యూజ్ ఐడీ తనే గుర్తులు పుట్టిస్తుంది గానీ, పేజీలో రెండు రియాక్ట్‌లు ఉంటే రెండూ సున్నా నుంచే లెక్క మొదలుపెడతాయి. ఒక మాడ్యూల్‌లో లేబుల్ నొక్కితే కర్సర్ ఇంకో మాడ్యూల్ పెట్టెలోకి వెళ్తుంది. రెండు కాపీలు తప్పవనుకున్నప్పుడు రూట్ తయారుచేసే చోట ‘ఐడెంటిఫయర్ ప్రీఫిక్స్’ మాడ్యూల్‌కొకటి ఇవ్వాలి.

స్టైల్ కథ వేరు

‘బ్రో, బుకింగ్‌లో బటన్ లావయింది, రిఫ్రెష్ కొడితే బాగానే ఉంది, రీప్రొడ్యూస్ అవట్లేదు’ అని టెస్టింగ్ వాళ్ల నుంచి మెసేజ్ వస్తే ఒకటి అడగండి: మధ్యలో రిపోర్టులకు వెళ్లొచ్చారా? లేజీగా, అంటే అవసరమైనప్పుడే, లోడ్ అయ్యే మాడ్యూల్ తన సీఎస్ఎస్‌ను పేజీలో చేర్చి వెళ్లిపోతుంది. మాడ్యూల్ తెర మీద నుంచి పోయినా సీఎస్ఎస్ అక్కడే ఉంటుంది. తర్వాత వచ్చిందానిదే పైచేయి కాబట్టి, రిపోర్టుల్లోని ఏదో ఒక ‘బటన్’ నియమం బుకింగ్ బటన్‌ను మార్చేస్తుంది. సీఎస్ఎస్ మాడ్యూల్స్‌తో క్లాస్ పేర్లు ప్రత్యేకం చేస్తే పేర్ల గొడవ పోతుంది, ట్యాగ్ పేరు మీద రాసిన నియమాల గొడవ మిగులుతుంది.

2022 నుంచి ప్రధాన బ్రౌజర్లన్నిటిలో ఉన్న సీఎస్ఎస్ లేయర్లు (ఏ నియమాలది పైచేయో వరస కట్టే అంతస్తులు) ఇక్కడ బాగా అక్కరకొస్తాయి, కాకపోతే ఒక మెలిక ఉంది. ‘ఇంపార్టెంట్’ గుర్తు లేనంతవరకు, లేయర్‌లో లేని నియమం లేయర్‌లో ఉన్నదాన్ని ఓడిస్తుంది. లైబ్రరీని ఒక్కదాన్నే లేయర్‌లో పెట్టి ఊరుకుంటే మాడ్యూళ్లలోని పాత రీసెట్ (బ్రౌజర్ డిఫాల్ట్ స్టైల్‌ను తుడిచే) నియమాలన్నీ దాని నెత్తినెక్కుతాయి. రీసెట్‌లను అన్నిటికంటే కింది లేయర్‌లో, లైబ్రరీని దాని పైన, మాడ్యూల్ స్టైల్స్‌ను ఆ పైన పెట్టి, ఆ వరసను, మాడ్యూళ్లన్నిటినీ మోసే షెల్ పేజీలో ఒకే లైన్‌లో ముందే ప్రకటించాలి.

బిల్డ్‌లో మాయమయ్యే స్టైల్ ఇంకో రకం. ప్యాకేజీ జేసన్‌లో ‘సైడ్ ఎఫెక్ట్స్’ ఫాల్స్ అని రాస్తే, ఎవరూ పేరుపెట్టి వాడని సీఎస్ఎస్ ఇంపోర్ట్‌ను బండ్లర్ అనవసరం అనుకుని తీసేస్తుంది. బటన్ వస్తుంది, ఒంటి మీద బట్టలుండవు. ఆ స్థానంలో సీఎస్ఎస్ ఫైళ్ల నమూనాను జాబితాగా ఇవ్వాలి.

జెడ్ ఇండెక్స్ (ఏది పైన కనిపించాలో చెప్పే అంకె) 99999 పోటీ సంగతి: బ్రౌజర్ సొంత డైలాగ్‌ను షో మోడల్‌తో తెరిస్తే అది టాప్ లేయర్‌లోకి (పేజీలో అన్నిటికంటే పైన గీసే పొర) వెళ్తుంది. దాని పక్కన బాడీకి తగిలించిన టోస్ట్ మెసేజ్ ఎంత జెడ్ ఇండెక్స్ పెట్టినా కిందే ఉండిపోతుంది. టోస్ట్‌ను కూడా పాపోవర్‌గా మార్చాలి, లేదా ఎవరూ టాప్ లేయర్ వాడకూడదు. సగం సగం కుదరదు.

బిల్లింగ్ యాంగ్యులర్‌లో ఉండి, దాన్ని మార్చే ఆశ లేకపోతే వెబ్ కాంపొనెంట్లు (ఏ ఫ్రేమ్‌వర్క్‌లోనైనా వాడుకోగల సొంత ట్యాగ్‌లు) గుర్తొస్తాయి. వాటి లోపలి భాగమైన షాడో డామ్‌లోకి బయటి సీఎస్ఎస్ రాదు, సీఎస్ఎస్ వేరియబుల్స్ మాత్రం వస్తాయి. టోకెన్లను అలా ఇవ్వమన్నది ఇందుకు కూడా. కానీ బయటి లేబుల్‌కు లోపలి పెట్టె ఐడీ కనపడదు, ఫారం పంపేటప్పుడు విలువ చేరాలంటే ఎలిమెంట్ ఇంటర్నల్స్‌తో విడిగా చెప్పుకోవాలి. ఒకే ట్యాగ్ పేరును రెండు మాడ్యూళ్లు నమోదు చేస్తే రెండోదానికి ఎర్రర్. ‘ముందే ఉందేమో చూసి వదిలేద్దాం’ అంటే ముందు లోడైన వెర్షన్‌దే రాజ్యం, అది పాతదైనా సరే. రియాక్ట్ వైపు నుంచి వాడేటప్పుడు 2024 డిసెంబరులో వచ్చిన 19 ఉండటం మేలు. అంతకు ముందు వెర్షన్లు వస్తువులనూ జాబితాలనూ అక్షరాలుగా మార్చి అట్రిబ్యూట్‌లో పెట్టేవి.

ఒత్తులు తెగకుండా

బెంగళూరులో తయారయ్యే అప్లికేషన్‌ను డ్రైవర్లూ గోడౌన్ గుమాస్తాలూ కన్నడంలో, తెలుగులో, తమిళంలో చూస్తారు. ఇంగ్లిష్ ‘క్యాన్సిల్’కు కొలిచి బటన్ ఎత్తు 32 పిక్సెళ్లు, లైన్ హైట్ 1, ఓవర్‌ఫ్లో హిడెన్ అని బిగించేస్తే ‘రద్దు చేయండి’లో ‘ద్దు’ కింది ఒత్తు సగానికి తెగుతుంది. కన్నడ ఒత్తులదీ అదే గతి. ఎత్తు బదులు కనీస ఎత్తు, లైన్ హైట్ 1.5 లేదా అంతకన్నా ఎక్కువ, పైనా కిందా ప్యాడింగ్ ఇవ్వాలి. ఈ ఒక్క మార్పు లైబ్రరీలో చేస్తే మూడు మాడ్యూళ్లూ బాగుపడతాయి. అక్షరాల మధ్య ఎడం పెంచే లెటర్ స్పేసింగ్‌ను మన లిపులకు తీసేయండి. పేరు పెట్టె కింద ‘ఇంకా ఇన్ని అక్షరాలు’ అని చూపించే లెక్కనూ గమనించాలి: ‘స్త్రీ’ మన కంటికి ఒక్క అక్షరం, మ్యాక్స్ లెంగ్త్‌కు ఆరు.

స్టోరీబుక్‌లో (కాంపొనెంట్లను విడిగా చూపించే టూల్) ప్రతి కాంపొనెంట్‌కు ఒక తెలుగు కథ, ఒక కన్నడ కథ, ఒక తమిళ కథ, అంటే ఆయా భాషల్లో ఒక్కో నమూనా, పెట్టి, ప్లేరైట్ అనే టెస్టు టూల్‌తో స్క్రీన్‌షాట్లు పోల్చండి. స్క్రీన్‌షాట్లు మ్యాక్‌లో తీసి, లినక్స్ సర్వర్‌లో పోలిస్తే అక్షరాల అంచులు కలవక రోజూ ఎర్రగానే ఉంటుంది. రెండూ ఒకే డాకర్ ఇమేజ్‌లో (ఏ మెషీన్‌లోనైనా ఒకేలా నడిచే సిద్ధం చేసిన వ్యవస్థ) తీయాలి. ఆ ఇమేజ్‌లో నోటో తెలుగు, కన్నడ, తమిళ ఫాంట్లు ఇన్‌స్టాల్ చేశారో లేదో చూసుకోండి. లేకపోతే రెండు వైపులా ఖాళీ డబ్బాలే పడతాయి, డబ్బాలూ డబ్బాలూ కలిశాయని టెస్టు పాసైపోతుంది.

వెర్షన్ నంబరు, పాతవాటిని తీసేయడం

ప్రాప్ పేరు మారితే మేజర్ అని అందరూ ఒప్పుకుంటారు. బటన్ ప్యాడింగ్ 8 నుంచి 12 పిక్సెళ్లయితే? టైప్ చెకింగ్ నోరెత్తదు, కానీ బిల్లింగ్ వాళ్ల ఇన్వాయిస్ పట్టికలో చివరి వరస రెండో పేజీకి జారుతుంది. కొలత మారితే మేజర్, రంగు మారితే మైనర్ అని గీత గీసుకోవడం ఆచరణలో పనికొస్తుంది. లోపలి హెచ్‌టీఎంఎల్ నిర్మాణం మారినా మేజర్‌గానే చూడండి, ఎందుకంటే ఎవరో ఒకరు లోపలి ట్యాగ్‌ను పట్టుకుని టెస్టు రాసే ఉంటారు.

లైబ్రరీ అందరిదీ అంటే తిలాపాపం తలా పిడికెడు అవుతుంది. కోడ్ ఓనర్స్ ఫైల్లో ఇద్దరి పేర్లన్నా ఉండాలి, మాడ్యూళ్ల నుంచి వచ్చే పీఆర్‌లను వాళ్లు రెండు పని దినాల్లో చూడాలి. ఆలస్యమైతే ఆ టీమ్ కాపీ చేసుకుని వెళ్లిపోతుంది, మళ్లీ మూడు క్యాలెండర్లు.

పాత కాంపొనెంట్‌ను తీసేటప్పుడు ముందు దాని మీద డిప్రికేటెడ్ గుర్తు పెడితే ఎడిటర్‌లో పేరు మీద గీత పడుతుంది. డెవలప్‌మెంట్ బిల్డ్‌లో ఒక్కసారి మాత్రం కన్సోల్ హెచ్చరిక ఇవ్వండి; ప్రతి రెండర్‌కూ ఇస్తే జనం కన్సోల్ ఫిల్టర్ పెట్టుకుంటారు. ప్రాప్స్ మార్పును చేత్తో చేయమనకుండా, కోడ్‌ను తనే మార్చే జేఎస్ కోడ్‌షిఫ్ట్ స్క్రిప్ట్ రాసివ్వండి. మాడ్యూళ్లలో ఇంకా ఎన్ని చోట్ల వాడుతున్నారో సీఐ (బిల్డ్‌నూ టెస్టులనూ తనంతట తనే నడిపే వ్యవస్థ) రోజూ లెక్కపెట్టి చూపాలి. ఆ లెక్క సున్నాకు వచ్చినా, డైనమిక్‌గా పేరు కట్టి పిలిచే చోట్లు వెతుకులాటకు దొరకవు కాబట్టి, మరో రిలీజ్ వరకు ఉంచి, తర్వాతి మేజర్‌లో తీసేయండి.